కొత్తింట్లో టైల్స్ లేచాయి, స్కర్టింగ్ విడిచింది: తెల్ల సిమెంటు కొట్టించేలోపు చూసుకోవాల్సినవి

ప్రశ్న: సార్, నమస్తే. మాది నల్లగొండ. పోయిన శ్రావణంల గృహప్రవేశం చేసినం. 560 గజాల జాగల నాలుగు ఇండ్లు కట్టిండ్రు. అందుల ఒకటి పని నడుస్తుండంగనే ఒప్పందం రాసుకొని 42 లక్షలకు తీసుకున్నం. ఇంక 1,20,000 ఇచ్చేది ఉన్నది. దసరా అయినంక వెనక పడకగదిల స్కర్టింగ్‌కు (గోడ అడుగున అతికిచ్చే టైల్ పట్టీకి), నేలకు మధ్య సందు పడ్డది. ఇప్పుడు ఆ సందులకెళ్లి చీమలు బారులు తీస్తున్నయి. ఆ అర్రను ఆనుకొని ఉన్న బాత్రూంల నీళ్లు ఒక మూలకు నిలుస్తున్నయి. పోయిన వారం మిట్టమధ్యాహ్నం హాల్ల ఠప్పుమని చప్పుడైంది. పోయి చూస్తే రెండు టైల్స్ ఒకదానికొకటి ఆనుకొని పైకి లేసి నిలబడ్డయి. గడప గ్రానైట్ అంచు పలిగింది. దర్వాజ చౌకట్‌కు, గోడకు మధ్య సన్నగ పగులు వచ్చింది. బిల్డర్ మా ఆయనకు బావ వరుస. ఫోన్ చేస్తే "కొత్త ఇల్లు గదా చెల్లె, సర్దుకుంటది. మిగిలిన పైసలియ్యిండ్రి, మేస్త్రీని పంపి వైట్ సిమెంట్ కొట్టిస్త" అంటడు. సుట్టరికం చెడుతదని మా ఆయన గట్టిగ అడుగడు. పైసలిచ్చి చేయించుకోవాల్నా, ఆపాల్నా? కేసు ఏస్తే నిలుస్తదా?
ఒక ఇల్లాలు, నల్లగొండ

జవాబు: అమ్మా, తెల్ల సిమెంటు కొట్టించకండి. మిగిలిన డబ్బు ఇప్పుడే ఇవ్వకండి. అయితే ఇవ్వననీ అనకండి. ఈ రెండూ ఎందుకు చెబుతున్నానో కింద రాస్తాను.

అంతకన్నా ముందు ఆ లేచిన టైల్స్ సంగతి. వాటిని కాలితో తొక్కి కూర్చోబెట్టే ప్రయత్నం చేయొద్దు. విరిగిన విట్రిఫైడ్ టైల్ అంచు గాజు పెంకులా కోస్తుంది. నాలుగు వైపులా ఫోటోలు, ఒక వీడియో తీసుకున్నాక ఆ రెంటినీ నెమ్మదిగా పైకెత్తి పక్కన పెట్టండి. తీసేటప్పుడు వాటి వెనక భాగం చూడండి. సిమెంటు అంటుకోకుండా శుభ్రంగా ఊడి వస్తే దాన్నీ ఫోటో తీయండి. మీ దగ్గరున్న సాక్ష్యాల్లో అదే అన్నిటికన్నా గట్టిది.

మీరు ఐదారు ఫిర్యాదులు రాశారు. నా లెక్కన అవి మూడే. హాల్లో టైల్ పైకి లేవడం ఒకటి. పడకగదిలో సందు, బాత్రూంలో నీళ్లు నిలవడం, ఈ రెండూ కలిపి బహుశా ఒకటే జబ్బు. గడప, చౌకట్ మూడోది, అది చిన్నది. హాల్లో నేల పైకి లేచింది, పడకగదిలో కిందికి దిగింది. ఈ రెంటికీ ఒకటే మందు పూస్తానంటే అది వైద్యం కాదు.

పడకగది నుంచే మొదలుపెడతాను, భయపడాల్సింది అక్కడే కాబట్టి. సందు దగ్గర కూర్చొని ఒకటి గమనించండి. స్కర్టింగ్ గోడను అంటుకొని ఎప్పటిలాగే ఉండి, నేల మాత్రమే కిందికి దిగిందా? అయితే పునాది, గోడ బాగానే ఉన్నట్టు, కింద పోసిన మట్టి కుంగినట్టు. అలా కాక కిటికీ మూలల నుంచో, దర్వాజ మూల నుంచో గోడ మీద ఏటవాలు పగుళ్లు కూడా కనిపిస్తే అది వేరే సంగతి. అప్పుడు మిగతావన్నీ పక్కన పెట్టి వెంటనే ఒక సివిల్ ఇంజనీరును పిలిపించండి. మీరు అలాంటి ఏటవాలు పగుళ్ల గురించి రాయలేదు కనుక మొదటిదే అనుకుంటున్నాను.

గ్రౌండ్ ఫ్లోర్ నేల నిలిచేది బేస్‌మెంట్‌లో, అంటే పునాది గోడల మధ్య నింపిన మట్టి మీద. ఆ మట్టిని ఎనిమిది అంగుళాలకు మించని వరసలుగా పోసి, ప్రతి వరసనూ తడిపి, దిమ్మిస కొట్టి, అది గట్టిపడ్డాకే పై వరస పోయాలి. దాని మీద కాంక్రీటు బెడ్డు, ఆ పైన టైల్స్. చాలాచోట్ల జరుగుతున్నది వేరు. పునాది తవ్విన మట్టినే ట్రాక్టరుతో ఒక్కసారిగా దింపి, పైన నాలుగు బిందెల నీళ్లు చల్లి బెడ్డు వేసేస్తారు. అందులో నల్లరేగడి కలిసి ఉంటే ఇంకా చేటు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. దిమ్మిస పడని మట్టి ఒకటి రెండు వానాకాలాల్లో తనంతట తానే దిగిపోతుంది. మీ ఇల్లు ఆగస్టులో చేతికొచ్చింది, దసరా తర్వాత సందు పడింది. లెక్క సరిపోతోంది.

కానీ మీ విషయంలో నాకు ఇంకో అనుమానం ఉంది. ఆ గది బాత్రూంను ఆనుకొని ఉంది. బాత్రూంలో నీళ్లు నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ రంధ్రం) వైపు పోకుండా మూలన నిలుస్తున్నాయి. నిలిచిన నీళ్లు టైల్ సందుల్లోంచి కిందికి దిగుతూ ఉంటాయి. లేదా ట్రాప్ దగ్గర పైపు జాయింటు విడిచి వాడిన నీళ్లన్నీ పడకగది కింది మట్టిలోకి పోతూ ఉండొచ్చు. మట్టి కుంగితే పైపు జాయింటు విడుస్తుంది, జాయింటు విడిస్తే మట్టి ఇంకా కుంగుతుంది. అందుకే పడకగది ఒక్కటే బాగు చేయిస్తే మళ్లీ అదే సందు వస్తుంది.

ఇది తేల్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముందు సందు ఎక్కడ వెడల్పుగా ఉందో స్కేలుతో కొలవండి. బాత్రూం గోడ వైపు ఎక్కువగా ఉండి అవతల తగ్గుతూ పోతే నీళ్ల మీద అనుమానం బలపడుతుంది. అన్ని వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటే తప్పు మట్టి నింపడంలోనే. కొలిచిన చోటల్లా స్కర్టింగ్ మీద పెన్సిలుతో గీత గీసి, తేదీ, మిల్లీమీటర్లు రాసి ఫోటో తీయండి. పదిహేను రోజులకోసారి అక్కడే మళ్లీ కొలవండి. కుంగడం ఆగిందా, ఇంకా సాగుతోందా అన్నది దీనితోనే తెలుస్తుంది.

తర్వాత బాత్రూం. ఒక పాలిథిన్ సంచిలో ఇసుక నింపి, ట్రాప్ నోట్లో గట్టిగా బిగించి, గడప అంచుకు కొంచెం తక్కువగా నీళ్లు నింపండి. నీటి అంచు దగ్గర గోడ మీద పెన్సిలు గీత పెట్టండి. పక్కనే ఒక బకెట్లో కూడా నీళ్లు పోసి అందులోనూ గీత పెట్టండి. ఈ ఎండలకు కొంత నీరు ఆవిరైపోతుంది, బకెట్ పెట్టమన్నది అందుకే. ఒక రోజు గడిచాక రెండిట్లో ఎంతెంత తగ్గిందో చూడండి. బకెట్లో కన్నా నేల మీద ఎక్కువ తగ్గితే నీళ్లు కిందికి పోతున్నట్టే. ఈలోగా పడకగది వైపు గోడ అడుగున చెమ్మ కనిపిస్తే ఒక రోజు దాకా ఆగకుండా వెంటనే సంచి తీసేయండి. ట్రాప్ తర్వాతి పైపును మాత్రం ప్లంబర్ చూడాలి. బయటి చాంబర్ దగ్గర మూసి నీళ్లు నింపితే అతనికి తెలిసిపోతుంది.

చీమల సంగతి చిన్నదే, కానీ ఒకసారి దగ్గరగా చూడండి. గోడ వెంట మట్టితో కట్టిన సన్నని గొట్టాల్లాంటివి కనిపిస్తే అవి చీమలు కావు, చెదలు. తడి మట్టి ఉన్నచోట అవి త్వరగా చేరతాయి, ముందుగా దర్వాజ చౌకట్లనే పట్టుకుంటాయి. టైల్ సందుల వెంట తెల్లటి పొడిలాంటి ఉప్పు పూత వస్తుంటే దాన్నీ ఫోటో తీసుకోండి. కింద నుంచి తడి పైకి వస్తోందని అది చెబుతుంది.

ఇక హాలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. వేడికి టైల్ పెరుగుతుంది. పెరిగేది కొంచెమే. 6 మీటర్ల హాలు, 20 డిగ్రీల వేడి తేడా అనుకుంటే మొత్తం కలిపి ఒక మిల్లీమీటరు లోపే. ఆ కొంచెం పెరగడానికైనా చోటుండాలి. టైల్‌కూ టైల్‌కూ మధ్య 2 మిల్లీమీటర్ల స్పేసర్లు (సందు నిలిపే చిన్న ముక్కలు) పెట్టాలి, హాలు నాలుగు వైపులా గోడకు తగలకుండా 5 నుంచి 8 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఆ ఖాళీ స్కర్టింగ్ కింద దాగిపోతుంది కనుక చూపుకు ఏ లోటూ ఉండదు. టైల్స్‌ను ఒకదానికొకటి ఆనించి, చివరి వరసను గోడకు కొట్టి బిగిస్తే నేల అందంగానే కనిపిస్తుంది, మొదటి ఎండాకాలానికి ఎక్కడో ఒకచోట పైకి లేస్తుంది.

దీనికి తోడు అతుకు లోపం. విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చదు. దాని బరువులో 0.5 శాతం కూడా పీల్చుకోదు. అందుకే పాత రోజుల్లో తాండూరు బండలకు పోసినట్టు సిమెంటు పాలు పోసి అతికిస్తే అది పట్టుకోదు. బండ గరుకుగా, బరువుగా ఉండేది, దానికి ఆ పద్ధతి చెల్లింది. విట్రిఫైడ్‌కు టైల్ అడెసివ్ (టైల్స్ అతికించే జిగురు పొడి) వాడాలి, బస్తా మీద ఐఎస్ 15477 అన్న ప్రమాణం నంబరు ఉండాలి. పళ్ల తాపీతో గీతలు గీసి పరచాలి, పెద్ద టైల్ అయితే దాని వెనక కూడా పూయాలి. 20 కిలోల బస్తా సుమారు 50 చదరపు అడుగులకు వస్తుంది. బిల్డర్ మిగుల్చుకున్నది ఆ డబ్బే.

హాలంతా తీసేయాలా అంటే, నాకు అలా అనిపించడం లేదు. రాత్రి టీవీ, ఫ్యాన్లు ఆపి, ఒక చెక్క పుల్లతో ప్రతి టైల్‌నూ నాలుగు మూలల్లో, మధ్యలో కొట్టి వినండి. గుల్లగా మోగిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. పూర్తయ్యాక కుర్చీ మీద నిలబడి హాలు మొత్తం ఒక ఫోటో తీయండి. ఒక మూలన అరచేతి మేర మోగి, అది సోఫా కింద ఉంటే వదిలేయొచ్చు. నడిచే దారిలో సగానికి పైగా గుల్లగా మోగిన టైల్స్, లేచిన టైల్స్‌ను ఆనుకొని ఉన్నవి మార్చాల్సిందే. మొత్తంలో సగానికి పైగా మోగితే హాలంతా మార్చమని అడగండి, తగ్గొద్దు. ఎలా చేసినా, గోడ చుట్టూ ఉన్న చివరి వరసను కోసి ఖాళీ వదిలించే పని మాత్రం తప్పకుండా చేయించండి. అది చేయకపోతే వచ్చే వేసవికి లేచేది ఇంకో చోట.

ఇక్కడ ఒక ఉపాయం. మీ హాలుకూ పడకగదికీ ఒకే రకం టైల్ వేసి ఉంటే, పడకగది నేల ఎలాగూ తవ్వాల్సిందే కాబట్టి అక్కడి టైల్స్‌ను జాగ్రత్తగా తీసి హాల్లో వాడించండి, పడకగదికి కొత్తవి తెప్పించండి. టైల్ డబ్బా మీద షేడ్, బ్యాచ్ నంబర్లు ఉంటాయి. అదే కంపెనీ అదే డిజైన్ తెచ్చినా బ్యాచ్ మారితే హాలు మధ్యలో అతుకు వేసినట్టు కనిపిస్తుంది. మేడ మీదో, మెట్ల కిందో మిగిలిన డబ్బాలు ఉన్నాయేమో ఈరోజే చూడండి. పక్కన మూడిళ్లకూ అదే టైల్ వాడి ఉంటే వాళ్ల దగ్గరా అడగండి. వాళ్ల ఇళ్లలోనూ స్కర్టింగ్ విడిచిందేమో కూడా అప్పుడే తెలుస్తుంది. నలుగురూ కలిసి అడిగితే చుట్టరికం ప్రస్తావనే రాదు.

గడప, చౌకట్ గురించి ఎక్కువ రాయను. చౌకట్ కర్ర మొదటి ఏడాది ఎండి ముడుచుకుంటుంది. గోడతో కలిసే చోట వెంట్రుకవాసి పగులు రావడం సహజం, దాని మీద సన్నని కర్ర బీడింగ్ కొడితే సరిపోతుంది. గ్రానైట్ అంచుకు అదే రంగు రెసిన్ నింపి పాలిష్ చేయించొచ్చు. వీటిని జాబితా చివర రాయండి. వీటి కోసం గొడవ పడితే అసలు పని పలచబడుతుంది. స్కర్టింగ్ గీతలు నేల గీతలతో కలవకపోవడం కూడా అంతే, కంటికి బాధే కానీ ఇంటికి హాని లేదు.

టైల్స్ వేసిన మేస్త్రీ మీద కోపం పెట్టుకోకండి. అతనికి కూలి చదరపు అడుగు లెక్కన. అడెసివ్ కొనాలా, సిమెంటు పాలు పోయాలా, మట్టి కూరడానికి రెండు రోజులు ఆగాలా అన్నది అతను నిర్ణయించేది కాదు. బాగు చేయడానికి అతనే వస్తే మంచి సామాను ఇప్పించి, ఎండ ముదరకముందు పొద్దున్నే పని జరిగేలా చూడండి.

సరైన మరమ్మతు ఎలా ఉండాలో కూడా తెలిసి ఉండాలి. ముందుగా బాత్రూం. టైల్స్ తీసి, పైపు జాయింట్లు సరిచేసి, వాటర్‌ప్రూఫింగ్ వేసి, మీటరుకు కనీసం 10 మిల్లీమీటర్ల వాలు ట్రాప్ వైపు ఇచ్చి, టైల్స్ వేయకముందే ఒక రోజు నీళ్లు నిలబెట్టి చూడాలి. అది నెగ్గాక పడకగది. బెడ్డు పగలగొట్టి, వదులు మట్టి తీసి, మొరం వరసలుగా పోసి, తడిపి దిమ్మిస కొట్టి, కొత్త బెడ్డు వేసి కనీసం వారం నీళ్లు పట్టి, ఆపైన టైల్స్. హాలు ఆఖరున. ఈ క్రమం తప్పితే ఒప్పుకోకండి. మీకు ధైర్యం చాలకపోతే బిల్డర్‌తో సంబంధం లేని ఒక సివిల్ ఇంజనీరును పిలిచి కొలతలతో ఒక పేజీ రాయించి, సంతకం, తేదీ పెట్టించుకోండి. రేపు పనైనా, కేసైనా ఆ పేజీ మీదే నడుస్తుంది.

డబ్బు విషయం. మీ ఒప్పంద పత్రంలో ఆ 1,20,000 ఎప్పుడు ఇవ్వాలని ఉందో ముందు చదవండి. తర్వాత మూడు భాగాలు చేయండి. బాత్రూం నీళ్ల పరీక్ష నెగ్గిన రోజు 40,000, పడకగది, హాలు పూర్తయ్యాక 40,000, ఒక వానాకాలం గడిచి నేల కదలలేదని తేలాక మిగిలిన 40,000. డబ్బు సిద్ధంగా ఉందని రాతలో చెప్పడం చాలా ముఖ్యం. లేకపోతే "వాళ్లే పైసలియ్యలే" అన్న మాట మీ మీదికి వస్తుంది.

కేసు నిలుస్తుందా అని అడిగారు. రెరా, అంటే ఇళ్ల, స్థలాల అమ్మకాలను నియంత్రించే చట్టం గురించి వినే ఉంటారు. 2016 చట్టం ప్రకారం, ఇల్లు అప్పగించిన రోజు నుంచి 5 ఏళ్లలో కట్టడంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ సొంత ఖర్చుతో సరిచేయాలి. అయితే 500 చదరపు మీటర్లకు మించని స్థలానికి, 8కి మించని ఇళ్లకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీ 560 గజాలంటే సుమారు 468 చదరపు మీటర్లు, ఇళ్లు నాలుగే. కనుక ఆ దారి మీకు కష్టం. అపార్ట్‌మెంట్లలో, పెద్ద వెంచర్లలో కొన్నవాళ్లు మాత్రం దాన్ని వాడుకోవాలి.

మీకున్న దారి వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఇంటి నిర్మాణం సేవ కిందికే వస్తుంది. పని నడుస్తుండగానే ఒప్పందం రాసుకున్నారు కాబట్టి మీ పక్షం ఇంకా గట్టిది. ఆ పత్రం, డబ్బు కట్టిన రసీదులు ఒకచోట పెట్టండి. మీరు చెల్లించింది 50 లక్షల లోపే కనుక నల్లగొండ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. 20 నుంచి 50 లక్షల మధ్య వాటికి ఫీజు 1,000 రూపాయలు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. ఎందుకైనా మంచిది, దాన్ని గృహప్రవేశం నుంచే లెక్కపెట్టుకోండి. చట్టం మూడు నుంచి ఐదు నెలల్లో తేల్చమంటుంది, నిజానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అందుకే అది ఆఖరి మెట్టు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించినా కొందరు దిగివస్తారు.

మీ ఆయన భయం నాకు అర్థమైంది. కానీ నోటితో గట్టిగా మాట్లాడుకుంటే చెడే చుట్టరికం, మర్యాదగా రాసుకుంటే నిలుస్తుంది. ఇలా రాయండి:

"అన్నా, నమస్తే. వెనక పడకగదిలో నేల కుంగి స్కర్టింగ్ కింద సందు పడింది. బాత్రూంలో నీళ్లు నిలుస్తున్నాయి. హాల్లో రెండు టైల్స్ లేచాయి, ఇంకా కొన్ని గుల్లగా ఉన్నాయి. కొలతలు, ఫోటోలు పంపుతున్నాం. తెల్ల సిమెంటుతో నింపితే ఆగేది కాదని మాకు అనిపిస్తున్నది. నువ్వు వచ్చి మాతో కూర్చొని చూడు. ముందు బాత్రూం, తర్వాత గది, ఆఖరున హాలు బాగు చేయించాలి. మిగిలిన 1,20,000 సిద్ధంగా ఉన్నయి, పని సాగినకొద్దీ మూడు సార్లుగా ఇస్తాం. 30 రోజుల్లో పని మొదలుపెట్టగలవా, ఏ రోజు నుంచో రాసి పంపు."

ఫోన్‌లో మెసేజ్‌గా పంపండి, అదే కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో అందినట్టు రుజువు వచ్చేలా కూడా పంపండి. ఇంటి రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో వాళ్ల సంతకం ఉండాలి. మీ ఆయన పేరున ఉంటే అన్నా బదులు బావా అని ఆయనే రాయాలి. అది చూసి బిల్డర్ ఫోన్ చేసి ఏదైనా మాటిస్తే, ఫోన్ పెట్టేసిన వెంటనే "ఇప్పుడు నువ్వు చెప్పింది ఇది" అని ఆ మాటలను తేదీతో సహా మళ్లీ మెసేజ్‌లో రాసి పంపండి.